తొలిచూలాలికి ప్రశ్నలెందుకు?

సత్తెనపల్లిలో ఏ వీధిలోకైనా వెళ్లండి. తొలికాన్పుకు పుట్టింటికొచ్చిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో "అమ్మాయికి చెకప్పులు సరిగ్గా జరుగుతున్నాయా?" అని అడిగి చూడండి. జవాబు నోటితో రాదు. బీరువాలోంచి ఫైలు వస్తుంది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పైన నర్సింగ్ హోం పేరు, లోపల స్కానింగు బొమ్మలు, రక్తపరీక్షల కాగితాలు, మందుల చీటీలు. "నెలనెలా తీసుకెళ్తన్నాం. స్కానింగులే ఆరు తీపిచ్చాం. ఏ లోటూ చెయ్యట్లా" అంటాడు తండ్రి. నిజమే. లోపలి బిడ్డ రెండున్నర కిలోలు దాటుతుందో లేదో చెప్పలేం గానీ, ఫైలు మాత్రం ఎనిమిదో నెలకే దాటేస్తుంది.

ప్రభుత్వానికీ ఒక ఫైలుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. మంత్రసాని కాలం పోయింది, 108 వచ్చింది, ఆశా కార్యకర్త గుమ్మం దాకా వస్తోంది. ఇంట్లో ఫైలు బాగుంది, సర్కారు ఫైలు బాగుంది. ఇక అడగడానికేముంది?

ఇంత సలక్షణంగా సాగుతున్న వ్యవహారానికి ఈమధ్య ఒక చీడ పట్టింది. డిగ్రీలు చదివిన ఆడపిల్లలు నెల తప్పాక కూడా చదువు మర్చిపోవడం లేదు. డాక్టరమ్మ ముందు కూర్చుని నోరు తెరుస్తున్నారు. "మేడం, నా బీపీ ఎంత?" అంటున్నారు.

ఈ ప్రశ్న ఎంత ఘోరమైనదో తెలియాలంటే అది పుట్టిన చోటు చూడాలి. ఓపీ చీటీ తీసుకుని, రాజుపాలెం నుంచో ముప్పాళ్ల నుంచో ఆటోలో కుదుపులు తిని వచ్చి, హాల్లో బెంచీ మీద రెండు గంటలు కూర్చుంటే నంబరు పిలుస్తారు. సిస్టరు బీపీ పట్టీ చుట్టి, విప్పి, చీటీ మీద ఏదో గీస్తుంది. లోపల డాక్టరమ్మ "ఎన్నో నెలమ్మా? వాంతులు తగ్గినయ్యా? మాత్రలు వేసుకుంటన్నావా?" అని అడిగి, మూడింటికీ జవాబు వచ్చేలోపే తరువాతి స్కానింగు రాసేస్తుంది. బీపీ ఎంతని అడిగితే "బాగానే ఉందిలేమ్మా" అంటుంది. ఎంత అన్నదానికి బాగానే అన్న జవాబు ఏ లెక్కల మాస్టారైనా ఒప్పుకుంటాడా? ఇక్కడ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే రెండో జవాబుంది. "ఆ నంబరు తెలుసుకుని నువ్వేం జేస్తావు?" ఆ మాటకు పక్కనున్న తల్లి సిగ్గుతో కుంచించుకుపోతుంది. బయటికొచ్చాక "డాక్టరమ్మతో ఎదురు మాటలేందే?" అని కూతుర్ని కోప్పడుతుంది.

ఈ కుటుంబమే మిరపకాయలు గుంటూరు యార్డుకు తోలినప్పుడు చూడాలి. టిక్కీ కాటా మీద పెట్టగానే తండ్రి మెడ ముందుకు సాచి తూకం తన కళ్లతో చూసుకుంటాడు. "బాగానే ఉందిలే పెద్దాయనా" అని కమీషనుదారు అంటే ఊరుకుంటాడా? కిలో తేడా వస్తే గొడవకు దిగే మనిషి, కన్నకూతురి రక్తపోటు దగ్గర మాత్రం పరమ మర్యాదస్తుడైపోతాడు.

డాక్టర్ల పక్షాన కూడా రెండు మాటలు చెప్పాలి. వాళ్లకు టైము లేదు. ప్రాథమిక వైద్యంలో రోగికి డాక్టరు ఎంతసేపు కేటాయిస్తాడో వివిధ దేశాల లెక్కలు పోగేసి 2017లో బీఎంజే ఓపెన్ పత్రికలో ఒక అధ్యయనం వేశారు. స్వీడన్‌లో సుమారు 22 నిమిషాలు. మన దేశంలో సుమారు 2 నిమిషాలు. స్వీడన్ వాళ్లకు పని లేదని మనం సర్దిచెప్పుకోవచ్చు. రెండు నిమిషాల్లో డాక్టరమ్మ పేరు అడగాలి, పొట్ట తడమాలి, మందులు రాయాలి. పైగా మనిషికి చెప్పాలంటే ఎలా కుదురుతుంది? మనిషికి చెప్పడం అనేది చికిత్సలో భాగమని ఎవరో గిట్టనివాళ్లు పుట్టించిన మాట.

ఆ మాటకొస్తే నర్సింగ్ హోం గోడ మీద గర్భిణికి చెప్పే మాట ఒకటి ఉండనే ఉంది. "ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు." 1994 నాటి చట్టం ఆ బోర్డు పెట్టించింది. మంచి చట్టం, అవసరమైన బోర్డు. కాకపోతే తొమ్మిది నెలల్లో ఆమెకు రాతపూర్వకంగా, అచ్చతెలుగులో, పెద్ద అక్షరాల్లో దొరికే సమాచారం చాలాచోట్ల అదొక్కటే. చెయ్యనిదేమిటో బోర్డు చెబుతోంది. చేసిందేమిటో ఎవరూ చెప్పరు.

ఇప్పుడు బీపీ సంగతికొద్దాం. తొలిచూలులో ఎక్కువగా కనిపించే జబ్బు ఒకటుంది. ఐదో నెల దాటాక రక్తపోటు 140/90కి చేరి, మూత్రంలో ప్రొటీన్ పోవడం మొదలవుతుంది. దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. ముదిరితే ఫిట్స్ వస్తాయి, తల్లీబిడ్డలిద్దరి ప్రాణాల మీదికీ వస్తుంది. ప్రపంచంలో కాన్పు మరణాలకు పెద్ద కారణాల్లో రక్తస్రావం తరువాత చెప్పుకునేది ఈ బీపీ జబ్బుల్నే. దీన్ని పట్టుకోవడానికి కావలసినవి ఒక బీపీ మిషను, మూత్రంలో ముంచే ఒక కాగితం పట్టీ. గర్భిణిని ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తులో ఆనించి చూడాలి. ఆటో దిగి మెట్లెక్కిన మనిషికి నిలువుకాళ్ల మీద చూసే బీపీ ఆమెది కాదు, ఆ మెట్లది.

ఖర్చు తక్కువ, ప్రయోజనం కొండంత. ఈ పరీక్షకు గౌరవం లేకపోవడానికి సరిగ్గా అదే కారణం. బిల్లులో బీపీకి ఒక లైను ఉండదు. మూత్రం పట్టీకి రంగుల ముద్రణ ఉండదు. స్కానింగు అలా కాదు. చీకటి గది, తెర, గుండె చప్పుడు, చేతికి బొమ్మ. కుటుంబమంతా చూసొచ్చిన సినిమాలా తృప్తిగా ఉంటుంది. ఐదో నెలలో తీసే టిఫా స్కాను నిజంగా అవసరమే, కాదనేవాళ్లు లేరు. కానీ ఏ చిక్కూ లేని గర్భిణులందరికీ డాప్లర్ స్కాను అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. మన ఫైళ్లలో అవి మాత్రం వరసగా ఉంటాయి. ఏ స్కాను ఎందుకు తీశారో చెప్పమంటే ఇంటిల్లిపాదీ ఒకటే మాట: "మేడం రాశారు."

తరువాత ప్రొటీన్ పౌడరు. చాక్లెట్ రుచి, వెనిల్లా రుచి, డబ్బా మీద నవ్వుతున్న తల్లి. నర్సింగ్ హోంలోనే మెడికల్ షాపు ఉంటుంది గనక ఎండలో తిరిగే శ్రమ కూడా లేదు. తిండికి కొరత ఉన్నచోట కూడా గర్భిణులకు అధిక ప్రొటీన్ పొడులు ఇవ్వవద్దని అదే సంస్థ, అదే 2016 సూచనల్లో రాసింది. ఆ డబ్బాల డబ్బుతో నెలకు సరిపడా గుడ్లు, పాలు, కందిపప్పు వస్తాయి. కానీ గుడ్డు తింటే ఫైల్లో పెట్టుకోవడానికి చీటీ రాదు కదా.

మరి ఆ పక్కనే ఎర్రటి ఐరన్ మాత్ర దిక్కులేకుండా పడి ఉంటుంది. 60 మిల్లీగ్రాముల ఐరన్, ఫోలిక్ యాసిడ్, రోజుకొకటి, 180 రోజులు. ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తం తక్కువని మొదట చెప్పుకున్న ఆ 2019-21 సర్వేయే చెప్పింది. అంటే సగానికి పైగా అమ్మాయిలు నెల తప్పక ముందే లోటుతో ఉన్నారు. మాత్ర వేసుకుంటే మలం నల్లగా వస్తుందనీ, భయపడొద్దనీ, టీ తాగిన వెంటనే వేసుకోవద్దనీ, క్యాల్షియం మాత్రతో కలిపి మింగొద్దనీ చెప్పడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం ఎవరూ ఇవ్వరు. అమ్మాయి రెండ్రోజులు వేసుకుని, వికారమని కిటికీలో పెట్టేస్తుంది. రిజిస్టరులో మాత్రం "మాత్రలు ఇవ్వడమైనది." అబద్ధం కాదది. ఇచ్చారు.

ప్రభుత్వం వైపు చూస్తే, 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు పెట్టారు. ఉద్దేశం మంచిదే, వచ్చినవాళ్లకు మేలే. కానీ చుట్టుపక్కల ఊళ్ల చూలాళ్లంతా ఒక్కపూటలో ఒక్క డాక్టరు ముందుకొస్తే మళ్లీ ఆ రెండు నిమిషాలే గతి. బీపీకి మాత్రం క్యాలెండరు చదవడం రాదు, అది 17వ తేదీన కూడా పెరుగుతుంది. తొలికాన్పుకు ఇచ్చే 5,000 రూపాయల కేంద్ర పథకం ఉంది. దానికి పేరు నమోదై, కనీసం ఒక్కసారి పరీక్ష చేయించుకున్నట్టు ఉండాలి. ఆ పరీక్షలో ఏం తేలిందో, తేలింది ఆమెకు చెప్పారో లేదో పథకానికి అనవసరం.

ఎన్నిసార్లు వెళ్లాలన్న ఈ లెక్కల పిచ్చి మనం కనిపెట్టింది కాదు లెండి. 1929లో ఇంగ్లండు ఆరోగ్యశాఖ ఒక పట్టిక వేసింది. ఏడో నెల దాకా నెలకోసారి, తొమ్మిదో నెల దాకా పదిహేను రోజులకోసారి, ఆపైన వారానికోసారి. ఎందుకంతే అన్నదానికి పెద్ద ఆధారమేమీ లేదు. ప్రపంచమంతా దాన్నే పట్టుకుని 70 ఏళ్లు నడిచింది. తరువాత అర్జెంటీనా, క్యూబా, సౌదీ అరేబియా, థాయిలాండ్‌లలో పరీక్షించి, నాలుగుసార్లు చాలని 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంది. ఆ లెక్కలే మళ్లీ తిరగేస్తే, తక్కువసార్లు వెళ్లినచోట బిడ్డల మరణాలు కొంచెం ఎక్కువని బయటపడింది. 2016లో ఎనిమిదిసార్లు అంది. అయితే ఈసారి ఒక మాట కలిపింది: వెళ్లినప్పుడల్లా ఆమెతో మాట్లాడాలి, ఆమె చెప్పేది వినాలి. మన దాకా వచ్చేసరికి ఎనిమిది అనే అంకె చేరింది. మాట్లాడటం దారిలో ఎక్కడో దిగిపోయింది.

ఇలా ఏమీ తెలియకుండా తొమ్మిది నెలలు మోసిన అమ్మాయికి ఆఖరి వారంలో మాత్రం సమాచారం వరదలా వస్తుంది. "ఉమ్మనీరు తగ్గింది. పేగు మెడకు చుట్టుకుంది. లేటు చేస్తే మా పూచీ లేదు." సంతకం ఇక్కడ. పేగు మెడకు చుట్టుకోవడం ప్రతి నలుగురైదుగురు బిడ్డల్లో ఒకరికి ఉండేదే, ఎక్కువమంది మామూలుగానే పుడతారు. ఆ సంగతి ఏడో నెలలో ఎవరైనా చెప్పి ఉంటే ఆమె రెండో మాట అడిగేది. చెప్పలేదు గనక అడగదు. అదే 2019-21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో సిజేరియన్లు 42.4 శాతం, ప్రైవేటులో 63 శాతం, దేశం మొత్తం మీద 21.5 శాతం. అంటే మన ప్రైవేటు ఆసుపత్రుల్లో ప్రతి ముగ్గురిలో ఇద్దరికి దగ్గరగా పేగు మెడకు చుట్టుకుంటోందన్నమాట!

ఇందులో పాపం డాక్టర్లదే కాదు. పంతులుగారు రాసిచ్చిన ముహూర్తం చీటీ జేబులో పెట్టుకుని వచ్చే తాతలూ ఉన్నారు. 39 వారాలు నిండకుండా కోసి తీస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బందులు రావచ్చు. జాతకంలో రాజయోగం, అద్దాల గదిలో ఆక్సిజన్ గొట్టం. తొలికాన్పు ఆపరేషనైతే మలికాన్పూ చాలావరకు ఆపరేషనే. తొలిచూలాలికి చెప్పకుండా తీసుకునే నిర్ణయం ఆమె తరువాతి కాన్పులన్నిటికీ వర్తిస్తుంది.

ఇక్కడ ఒక నాయనమ్మ తప్పకుండా లేస్తుంది. "మా కాలంలో ఏ డాక్టరున్నాడు? ఎనిమిదిమందిని ఇంట్లోనే కన్నాం." అమ్మా, కన్నవాళ్లు చెబుతున్నారు. కనలేక పోయినవాళ్లు వచ్చి సాక్ష్యం చెప్పరు. 2018-20 నాటికి మన రాష్ట్రంలో లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 45కు తగ్గాయి. దేశంలో అప్పటికి 97. ఆసుపత్రులు, ఆశాలు, ఏఎన్ఎంలు లేకుండా అది జరగలేదు. అందుకే గుమ్మం దాకా తెచ్చిన మనిషితో లోపల కూడా మాట్లాడమంటున్నాం. ఆసుపత్రి మానెయ్యమని కాదు.

డాక్టరమ్మకు టైము లేకపోతే సిస్టరు చెప్పొచ్చు, ఏఎన్ఎం చెప్పొచ్చు. బీపీ ఎంత, హిమోగ్లోబిన్ ఎంత, మూత్రంలో ప్రొటీన్ ఉందా, బరువు ఎంత పెరిగింది అని మాతా శిశు సంరక్షణ కార్డులో గళ్లు ఉన్నాయి. నింపి, పైకి చదివి, తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా, ముఖం ఉబ్బినా, బిడ్డ కదలిక తగ్గినా, రక్తం కనిపించినా 9వ తేదీ దాకా ఆగకుండా రమ్మని చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. సత్తెనపల్లి అమ్మాయిలు అడుగుతున్నది ఇంతే. గుంటూరు కొత్తపేట దాకా పరిగెత్తి కొత్త మిషన్లలో చూపించుకుంటామని అడగడం లేదు.

కాబట్టి తల్లులారా, తండ్రులారా, ఈసారి వెళ్లినప్పుడు ఫైలు ఇంట్లో వదిలేసినా ఫర్వాలేదు, అమ్మాయిని నోరు మూసుకోమనకండి. బీపీ ఎంతని ఆమె అడగాలి, అంకె చెప్పేదాకా కుర్చీలోంచి లేవకూడదు. డాక్టరమ్మకు కోపమొచ్చి బీపీ పెరుగుద్దని భయపడొద్దు. మిషను బల్ల మీదే ఉంది, ఎవరో ఒకరిదైనా అప్పుడు సరిగ్గా చూస్తారు.