నూటికి మూడు రూపాయల ముప్పావలా

నా ఒంటి మందం మిల్లీమీటరు కూడా లేదు. పొడవు 85.60 మిల్లీమీటర్లు, వెడల్పు 53.98. ఏ దేశంలో ఏ బ్యాంకు కార్డును కొలిచినా ఇంతే. పీవీసీ రేకు, దాని మీద వేలిగోరంత చిప్పు, వెనకాల మూడంకెల రహస్యం. నేను క్యాష్‌బ్యాక్ క్రెడిట్ కార్డును. నన్ను పుట్టించిన బ్యాంకు పేరు మాత్రం అడగొద్దు, దాని ఉప్పు తింటున్నాను.

మా వంశం 1950లో న్యూయార్కులో డైనర్స్ క్లబ్‌తో మొదలైంది. మన బ్యాంకులు మాకు తలుపు తెరిచింది 1980ల మొదట్లో. అందులో తెలుగువాళ్లు చెప్పుకోదగ్గ పేరు ఆంధ్రా బ్యాంకు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో పెట్టిన ఆ బ్యాంకు 1981లోనే కార్డులిచ్చింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అప్పట్లో జేబులో కార్డుందంటే పెద్ద దొర కింద లెక్క. నా కాలానికి ఆ దర్జా పోయింది. పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో పనిచేసే మా సారుకు జీతం ఖాతా ఉంది, అంతే. నేను కొరియర్‌లో జడ్చర్లలో దిగాను.

"లైఫ్‌టైమ్ ఫ్రీ సార్, ఐదు పర్సెంట్ వాపస్ వస్తది" అని నన్ను అంటగట్టిన కుర్రాడు అబద్ధం చెప్పలేదు. సగం చెప్పాడు. ఐదు శాతం వచ్చేది ఒకటి రెండు ఆన్‌లైన్ యాప్‌లలో కొంటేనే, అదీ నెలకింతని గీత గీసి. మిగతా చోట్ల ఒక శాతం. పెట్రోలుకు, ఇంటి కిరాయికి, బీమాకు సున్న. మరి మా సారు ఖర్చు దేనికి? బాదేపల్లిలో కిరాణం, దేవరకద్ర దగ్గర ఊళ్లో నాయిన పొలానికి ఎరువులు, ఐతారం మటన్, పిల్ల ఫీజు, బండికి పెట్రోలు. నన్ను తయారుచేసినవాళ్లు హైదరాబాదులో ఫ్లాటు, వారానికి నాలుగు పార్సిళ్లు ఉన్న మనిషిని మనసులో పెట్టుకుని చేశారు. విమానాశ్రయం లాంజ్‌లోకి ఉచిత ప్రవేశం కూడా ఇచ్చారు పాపం. హైదరాబాదు పోయేటప్పుడల్లా మా ఆర్టీసీ బస్సు శంషాబాద్ మీదుగానే పోతుంది. లాంజ్ ఆ పక్కన, మేం ఈ పక్కన.

అయితే నేను రూపే కార్డును. 2022 సెప్టెంబరు నుంచి మా జాతిని యూపీఐకి కలపొచ్చన్నారు. దాంతో కిరాణం కొట్లో నా బతుకు మారింది. సారు స్కాన్ చేస్తే పైసలు ఖాతాలోంచి పోవు, నా పద్దులో పడతాయి. నెల తిరిగాక కట్టొచ్చు. తారీకులు సరిగ్గా చూసుకుంటే నలభై అయిదు, యాభై రోజులు మిత్తి లేని ఉద్దెర. జీతం అన్ని రోజులూ ఖాతాలోనే ఉంటుంది. మిరపకాయ బజ్జీల బండి దగ్గర మాత్రం నా పప్పులుడకవు. అక్కడ అంటించింది ఆ అన్న సొంత ఖాతా క్యూఆర్. వ్యాపారి క్యూఆర్ అయితేనే నేను పడతాను. "సార్, క్రెడిట్ కార్డు పడ్తలేదు, ఖాతాలకెళ్లి కొట్టున్రి" అంటాడు. నూనె మసిలే చప్పుడులో అవమానం పెద్దగా వినబడదు.

ఇంతకీ నేను వాపసిచ్చే పైసలు ఎవరివి? మిషన్ మీద నన్ను గీకినప్పుడల్లా దుకాణదారుకు నూటికి రెండు రూపాయల దాకా కోత పడుతుంది. అందులోంచి ఒక రూపాయి మా సారుకు చూపించి మిగిలింది బ్యాంకులు, నెట్‌వర్కు పంచుకుంటాయి. అందుకే బంగారం కొట్టాయన నన్ను చూడగానే "కార్డయితే రెండు పర్సెంట్ ఎక్కువైతది" అంటాడు. అప్పుడు నేను పర్సులోనే ఉండటం మర్యాద. కోత ఒక్కటే అయితే మా బ్యాంకు ఇన్ని బహుమతులు పంచలేదు. అసలు రాబడి వేరే ఉంది, అది నాకు ఒక రాత్రి అర్థమైంది.

మా సారు నాయిన బాయికాడ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రి కౌంటరులో నలభై వేలు ముందు కట్టమన్నారు. రాత్రి పదకొండింటికి నలభై వేలు ఎవరింట్లో ఉంటాయి? నన్ను గీకారు, పనైపోయింది. ఆ రాత్రి నేను చేసిన మేలును ఎవరూ కాదనలేరు. పైగా నాలుగు వందలు క్యాష్‌బ్యాక్.

బిల్లు వచ్చింది. దాని మీద రెండంకెలున్నాయి: మొత్తం 40,000, కనీసం 2,000. మందులకు, ఫిజియోథెరపీకి ఖర్చవుతున్న నెల అది, సారు రెండు వేలు కట్టి ఊపిరి పీల్చుకున్నారు. మిగిలిన 38,000కు నెలకు 3.75 శాతం చొప్పున 1,425 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 256 రూపాయల 50 పైసలు. ఇది తక్కువలో తక్కువ లెక్క, ఎందుకంటే మిత్తి గీకిన రోజు నుంచే లెక్కిస్తారు. బాకీ మిగిలితే కొత్తగా కొన్న ఉప్పు ప్యాకెట్టుకు కూడా మిత్తి లేని గడువు రద్దు. ఈ వరసన మరో రెండు వేలు కట్టినా అసలులో తగ్గేది మూడు వందల చిల్లరే.

నాయిన పడుచుతనంలో గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని ఆనకట్టల పనికి దేశాలు పట్టిన పాలమూరు కూలీ. మంచం మీద పడుకునే అడిగాడు.

"గా కార్డోనికి మిత్తెంతరా?"

"త్రీ పాయింట్ సెవెన్ ఫైవ్ పర్సెంట్, నాయినా."

"గట్ల గాదు. నూటికెంత?"

"మూడు రూపాయల ముప్పావలా."

"నెలకా?"

"నెలకే."

కట్టు కాలు మరిచిపోయి లేవబోయాడు. "మనూళ్లె సేటు రెండ్రూపాయలకిస్తుండు గదరా! మేస్త్రి గూడ గింత పిండలే."

ఏడాదికి ముప్పై శాతం దాటితే అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో అన్నది. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టేసింది. నాది ఏడాదికి 45, చట్టప్రకారం నేను నిర్దోషిని. మా బిల్లు మీద ఆ అంకెను నూటికింతని పెద్దక్షరాల్లో అచ్చేస్తే జిల్లాలో సగం మంది ఆ 'కనీసం' అంకె జోలికి పోరు. నాయిన మాటతో సారు సేటు దగ్గర 38,000 తెచ్చి, మిత్తి తన జేబులోంచి వేసి నన్ను తీర్చేశారు. నెలకు 760 మిత్తి, జీఎస్టీతో కలిపి నాకు కట్టేదాంట్లో సగం కూడా కాదు. ఊరి వడ్డీ వ్యాపారి చేతిలో బ్యాంకు కార్డు ఓడిపోయింది!

ఇప్పుడు బిల్లు మొత్తం ఖాతాలోంచి దానంతటదే కట్ అయ్యేట్టు పెట్టారు. బామ్మర్ది వచ్చి "బావా, మొబైల్ షాపుల కార్డు గీకితే రెండు పర్సెంట్ పట్టుకొని నగదిస్తరు" అంటే నన్ను బీరువాలో పెట్టి తాళమేశారు. యూపీఐలో మాత్రం రోజూ తిరుగుతున్నాను. నెలకు వందో నూటాభయ్యో ఇస్తాను. సిబిల్ స్కోరు కూడా పెరుగుతోంది, రేపు ఇంటి అప్పుకు అది పనికొస్తుంది. బ్యాంకుకు నా మీద పెద్దగా మిగలదు గనక లిమిట్ పెంచుతామని మెసేజీలు పంపిస్తోంది. పెంచాలంటే సారు ఒప్పుకోవాలి, ఆయన పలకరు.

మొన్న నాయినే కొత్త మాట ఎత్తాడు. టీవీ పాడైంది. నో కాస్ట్ ఈఎంఐ, మిత్తి లేదని ఎవరో చెప్పారట. "మిత్తి లేకుంటె వానికేం లాభమట? అడుగురా" అన్నాడు. సారు ఫోన్ తీసి షరతులు చదివి వినిపించారు: ప్రాసెసింగ్ ఫీజు, మిత్తికి సరిపడా రాయితీ ముందే ధరలో, ఆ మిత్తి మీద జీఎస్టీ మాత్రం మనదే.

"అయితె పాత టీవీనే బాగు చేయించు" అన్నాడు నాయిన.