జీవకళ

అక్టోబరు 2 నుంచి 8 దాకా వన్యప్రాణి వారోత్సవాలు. ఆ సందర్భంగా హైదరాబాద్‌లో ఒక గ్యాలరీలో చిత్రప్రదర్శన పెట్టారు. పులులు, ఏనుగులు, జింకలు గోడల నిండా ఉన్నాయి. జనం మాత్రం ముంగిస దగ్గరే మూగారు.

అయిదడుగుల కాన్వాసు మీద ఆయిల్ పెయింటింగ్. వెనక నిప్పులా మండుతున్న నారింజ రంగు గోడ, దాని మీద ఆకుపచ్చగా ఉయ్యాల నీడ, నేల మీద ముక్కలై పడున్న నీలి పాము. మధ్యలో వెనక కాళ్ల మీద నిలబడి, నెత్తురంటిన మూతితో గుమ్మం వైపు ఆశగా చూస్తున్న ముంగిస. ఆ కథ తెలుగువాళ్లకు వేరే చెప్పాలా! పసిబిడ్డను పాము నుంచి కాపాడి, మెచ్చుకుంటుందని ఇల్లాలికి ఎదురెళ్తే, మూతికున్న నెత్తురు చూసి బిడ్డనే చంపిందనుకుని ఆవిడ నీళ్లబిందె ఎత్తేసింది. బొమ్మలో ఇంకా బిందె పడలేదు. అంతే తేడా.

"కథలో దాన్ని చంపేశారు. నేను బతికించాను" అన్నాడు చిత్రకారుడు, ఫొటోల కోసం కండువా సర్దుకుంటూ.

ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దాయన బొమ్మ ముందు నోరెళ్లబెట్టి నిలబడిపోయాడు. "ముంగిసకు ప్రాణం పోశారయ్యా!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా అదే మాట అందుకున్నారు. పక్కన ధర చీటీ మీద అప్పటికే ఎర్రచుక్క పడింది, అమ్ముడైపోయిందని గుర్తుగా. వచ్చిన డబ్బులో సగం మూగజీవాల సంరక్షణకే ఇస్తానని చిత్రకారుడు మైకులో ప్రకటించేసరికి చప్పట్లు మోగాయి.

ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులు ఆయన్ని వదల్లేదు. "ఈ బొచ్చు ఎలా వేశారు సార్? చెయ్యి పెడితే గుచ్చుకునేట్టుంది" అని అడిగింది ఒకమ్మాయి.

చిత్రకారుడికి కావలసింది అదే. "అందరూ ముంగిసంటే బూడిదరంగు పులిమేస్తారు. తప్పు. దాని ఒంటి మీద ఏ వెంట్రుకా ఒక్క రంగులో ఉండదు. కొస ముదురు గోధుమ, దాని కింద మీగడ రంగు పట్టీ, మళ్లీ ముదురు. అలా పట్టీలు పట్టీలుగా ఉంటేనే దూరం నుంచి ఆ బూడిద మెరుపొస్తుంది. ముందు బర్న్ట్ సియెన్నా పల్చగా పరిచాను. అది ఆరాక రా అంబర్‌తో ఒక గీత, దాని మీద లేత పసుపు కలిపిన తెలుపుతో ఇంకో గీత. నీడలో నలుపు వాడలేదు, కోబాల్ట్ బ్లూ వేశాను. ఒక్కో వెంట్రుకా విడిగా గీసిందే."

"కుంచె ఏది సార్?"

"నైలాన్ కుంచెలతో ఇలాంటివి రావమ్మా. ఆయిల్ రంగు జిగురుకి అవి చతికిలపడతాయి. కుంచె రంగును నిండా పట్టాలి, అదిమితే వంగాలి, ఎత్తగానే మళ్లీ నిటారుగా లేవాలి. నా కుంచెలు వేరు. పాత స్టాకు, దాచుకుని వాడుకుంటున్నా" అని నవ్వాడు.

అతిథుల వెంట బందోబస్తుకని వచ్చిన అటవీశాఖ బీట్ ఆఫీసరు ఒకడు ఇదంతా వింటూ గోడవారగా నిలబడి ఉన్నాడు. ఖాకీ బట్టలు, చేతిలో నీళ్లసీసా. జనం టీలవైపు కదిలాక మెల్లగా బొమ్మ దగ్గరికొచ్చాడు. సెల్‌ఫోన్ టార్చి వేసి ముంగిస మెడ దగ్గర చాలాసేపు చూశాడు. రంగు మందంగా పడ్డ చోట్ల ఇంకా లోపల పచ్చిగానే ఉంది. లిన్‌సీడ్ నూనె వాసన కొడుతోంది.

"ముంగిస ఎంటికలను గంత దగ్గరికెల్లి యాడ జూసిన్రు సార్?" అని అడిగాడు.

"కళాకారుడి కన్నయ్యా అది" అన్నాడు చిత్రకారుడు, టీ కప్పు అందుకుంటూ.

"మస్తుగ గీసిన్రు సార్. అన్ని ఎంటికలు మీరేసినవే. గీ ఒక్కటి మాత్రం కాదు."

అతను వేలు పెట్టి చూపించిన చోట, ఆరీ ఆరని రంగులో ఒక వెంట్రుక అతుక్కుని ఉంది. కుంచె నుంచి రాలిందే. కొస ముదురు గోధుమ, దాని కింద మీగడ రంగు పట్టీ, మళ్లీ ముదురు. చిత్రకారుడు పొద్దుట్నుంచీ పిల్లలకు వర్ణించి చెబుతున్నది అచ్చంగా అదే.

చిత్రకారుడి చేతిలో కప్పు ఆగిపోయింది.

"2019ల ఆపరేషన్ క్లీన్ ఆర్ట్ అని దేశంల శానా జాగల దాడులైనయి సార్. యూపీల షేర్‌కోట్ అనే ఊరుంది, కుంచెలకు మస్తు పేరు. గాడ గిసుంటి కుంచెలు వేలకువేలు దొరికినయి. ట్రైనింగుల మాకు జూపెట్టిన్రు" అన్నాడు బీట్ ఆఫీసరు, గొంతు పెంచకుండానే. "ఉచ్చులేసి పడతరు, కొట్టి సంపుతరు. ఒక్కదానికి పనికొచ్చే బొచ్చు గుప్పెడు గూడ రాదు. 1972 వన్యప్రాణి చట్టం కింద గీ కుంచె అమ్మినా నేరమే, కొన్నా నేరమే."

చిత్రకారుడు అటూ ఇటూ చూశాడు. అవతల ముఖ్య అతిథి ఇంకా ఎవరికో ఫోన్లో బొమ్మ గురించి చెబుతూనే ఉన్నాడు. బీట్ ఆఫీసరు టార్చి ఆర్పి, ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"పొద్దుగాల్నుంచి ముంగిసకు పానం పోసిన్రు, పానం పోసిన్రని అందరంటున్నరు సార్. యాడికెల్లి తీసి పోసిన్రో ఇప్పుడెరుకైంది."