మేనేజరుగారి కోడిపిల్లలు

ఊరి బయట నాలుగు గుంటల జాగా, చేతిలో రిటైర్మెంటు డబ్బు, ఫోన్లో కోళ్ల వీడియోలు. ఈ మూడూ ఒక్కచోట చేరిన పెద్దమనిషి ఏ కాలనీలోనైనా ఒకరుంటారు. మా కాలనీలో ఆయన మాజీ బ్యాంకు మేనేజరు.

రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థవాళ్లు పెరటి పెంపకానికని తయారుచేసిన వనరాజా రకం వంద పిల్లలు బుక్ చేశారాయన. షెడ్డుకింకా రేకులు పడలేదు. గుడ్లు ఏ ఇంటికి ఎన్నెన్నో మాత్రం రిజిస్టరుకెక్కాయి. ఆలు లేదు, చూలు లేదు!

"అన్నీ పెట్టలే పంపండి" అన్నారు హ్యాచరీకి ఫోన్ చేసి.

"ఒకరోజు పిల్లలు సార్, కలిపే ఇస్తాం. సగం దాకా పుంజులే ఉంటాయి."

గుడ్ల పద్దు సగానికి పడిపోయింది. పోనీ ముహూర్తమైనా తన చేతిలో ఉంటుందనుకున్నారు. "మంగళవారం వద్దు, శుక్రవారం పంపండి."

"గుడ్లు మిషన్లో పెట్టి 21 రోజులవుతుంది సార్ మంగళవారానికి. పిల్ల ఆ రోజే దిగుతుంది."

"పొట్టలో సొన ఉంటుందట కదా, రెండు రోజులు తిండి లేకున్నా ఆగుతాయట?"

"అది ప్రయాణానికి సార్, మీ ముహూర్తానికి కాదు."

మంగళవారం రాత్రే బస్సులో దిగింది చిల్లుల అట్టపెట్టె. నాలుగు గదులు, గదికి పాతిక. ఈయన లెక్కపెడితే 102. నిజాయితీపరుడు కదా, అర్ధరాత్రే ఫోన్ చేశారు: "మీవి రెండు ఎక్కువొచ్చాయి."

"దార్లో చచ్చేవాటి కింద వేస్తాం సార్."

చావుని ముందే పద్దులో రాసిపెట్టడం ఆయనకి నచ్చలేదు. ఆ రెండూ ఏవో తెలిస్తే విడిగా పెంచేవారే!

ఊక మీద పేపర్లు పరిచి మొక్కజొన్న నూక చల్లాలన్నారు. షేర్ల పేజీ తప్ప అన్నీ పరిచారు. ఒక్కోదాని ముక్కు బెల్లం నీళ్లలో ముంచి దించారు. పిల్లలు బల్బు కింద గుంపుకడితే చలి, దూరంగా జరిగితే వేడి, పలచగా పరుచుకుంటే హాయి. ఈ మాట విన్న పాపానికి తెల్లార్లూ అక్కడే కుర్చీ వేసుకున్నారు. "మన పిల్లలప్పుడు ఒక్కసారైనా లేచారా?" అందావిడ.

వారం తిరక్కుండానే కొక్కెర తెగులుకి లసోటా టీకా. సీసా ఐసులో ఉండాలి, కలిపాక గబగబా అయిపోవాలి. అల్లుడు పట్టుకోవడం, ఈయన కంట్లో చుక్క వేయడం, కింద వదలడం. సగమయ్యాక ఆగారు. చుక్క పడినవీ, పడనివీ ఒకే గుంపులో కిచకిచలాడుతున్నాయి.

గుమ్మంలోంచి ఆవిడ అడిగింది: "ఏమండీ, బ్యాంకులో లెక్కపెట్టిన నోట్లు కూడా మళ్లీ అదే కుప్పలో పడేసేవారా?"