టాపు దించిన మెర్క్యురీ, టాపు లేపిన తిత్లీ

ఉద్దానంలో కారు టాపు ఎత్తు తగ్గించడానికి రంపం అక్కర్లేదు. కాపుమీదున్న కొబ్బరిచెట్టు కింద ఒక రాత్రి నిలబెడితే చాలు, తెల్లారేసరికి పని అయిపోతుంది. కవిటి, సోంపేట వైపు పెళ్ళిళ్ళకి కార్లు తోలే డ్రైవర్లు నీడ ఎక్కడుందా అని చూడరు, ముందు తలెత్తి గెలలు చూస్తారు. కాశీబుగ్గలో మాకు తెలిసిన టింకరింగు మేస్త్రీకి సగం సంపాదన న్యూటన్ పుణ్యమే. ఇలాంటి చోట ఉంటూ, సొట్ట లేని కారు ఒకటి చేతిలో పెట్టుకుని, దాని టాపు నేనే కోసి దించుతానంటే చుట్టుపక్కలవాళ్ళు ఏమనుకుంటారో వేరే చెప్పాలా?

కారంటే జానెడు కారు. అమెరికాలో ఏఎంటీ అనే కంపెనీ అమ్మే 1949 మెర్క్యురీ ప్లాస్టిక్ కిట్టు, అసలు బండిలో ఇరవై అయిదో వంతు. ఈ కొలతలో ఒక సుఖం ఉంది. అసలు కారు మీద అంగుళమంటే దీని మీద దాదాపు ఒక మిల్లీమీటరు. పైన ఉండే వెంట్రుకవాసి తేడా ఉప్పు కాగితంలో కొట్టుకుపోతుంది. కాబట్టి అయిదంగుళాలు దించాలంటే లెక్కలు రానక్కర్లేదు, స్కూలు పిల్లల స్కేలుంటే చాలు.

అసలు కారు మీదే ఈ ప్రయోగం చేయొచ్చు కదా అంటారేమో. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఊరుకోదు. కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో తేల్చి చెప్పింది. హైదరాబాదు బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం పెట్టిన కన్యబోయిన సుధాకర్ గారు బూటు ఆకారంలో, వంకాయ ఆకారంలో నడిచే కార్లు చేసి చూపించారు. అది ధైర్యవంతుల దారి. నాది ఆర్సీ, ఇన్సూరెన్సూ అడగని దారి.

ఇంతకీ టాపు ఎందుకు దించాలి? కాలిఫోర్నియాలో మ్యూరాక్ అని ఒక ఎండిపోయిన చెరువుంది. నేల బల్లపరుపు. 1930ల నుంచీ కుర్రాళ్ళు పాత ఫోర్డు కార్లు తెచ్చి దాని మీద పందేలు తోలేవారు. కొట్టుకుంటున్నారనో ఏమో, 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ అని ఒక సంఘం కూడా పెట్టుకున్నారు. వేగం రెట్టింపయితే ఎదురుగాలి నాలుగు రెట్లు అడ్డుతుంది. గాలికి తగిలే ముఖం తగ్గించాలి. చక్రాలు కోయలేరు, ఇంజను కోయలేరు, మిగిలింది టాపే. కోసి, నాలుగంగుళాలు తీసేసి, మళ్ళీ అతికించారు. తర్వాత గాలి సంగతి మరిచిపోయి, అందంగా ఉందని కోయడం మొదలుపెట్టారు. బాబ్ హిరొహాటా అనే కుర్రాడి 1951 మెర్క్యురీకి 1952లో బారిస్ సోదరులు ముందువైపు నాలుగంగుళాలు, వెనకవైపు ఏడంగుళాలు దించారు. ఆ కారు 2022లో వేలానికొస్తే దాదాపు ఇరవై లక్షల డాలర్లు పలికింది. ఇంట్లో నా పక్షాన చెప్పుకోవడానికి నాకున్న ఒకే ఒక సాక్ష్యం ఇది. 'ఆ డాలర్లు జానెడు కారుకి ఇచ్చారా?' అని మా ఆవిడ అడిగింది. సాక్ష్యం అక్కడితో కొట్టేశారు.

నిజానికి ఈ విద్య అమెరికావాళ్ళు కనిపెట్టిందేమీ కాదు. మన ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్ళు ఎప్పటినుంచో ఉన్నాయి. గుండ్రటి మట్టిగోడ, దాని మీద తాటాకు కప్పు, చూరు దాదాపు నేలదాకా. ఎంత పొగరుబోతు అల్లుడైనా అత్తారింటికి వంగే రావాలి. గాలికి మూల దొరకదు, ముఖం దొరకదు, కప్పు మీదుగా జారిపోతుంది. తర్వాత మనం చదువుకుని, రేకులషెడ్లు వేసుకుని, టాపులు ఎత్తు పెంచుకున్నాం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. మ్యూరాక్ కుర్రాళ్ళు గాలి మీదికి వెళ్ళడానికి ఎంత వేగం కోసం తంటాలు పడ్డారో, అంత వేగంతో గాలే ఇక్కడ గుమ్మంలోకొచ్చింది. రేకులు ఎగిరిపోయాయి, జీడితోటలు, కొబ్బరితోటలు పడిపోయాయి. తిత్లీ అంటే హిందీలో సీతాకోకచిలక. పేరు పెట్టినవాళ్ళది ఏ తీరమో గానీ ఉద్దానం మాత్రం కాదు.

సరే, కోత. దించాల్సినంత మేర స్తంభాల మీద టేపు రెండు వరసలు చుట్టి, మధ్య ముక్కని సన్నరంపంతో కోసి తీసేయాలి. ఇక్కడివరకూ ఎవరైనా చేస్తారు. అసలు కథ టాపుని కిందికి తెచ్చి పెట్టినప్పుడు మొదలవుతుంది. అది అతకదు! ముందు అద్దం వెనక్కి వాలి ఉంటుంది, వెనక అద్దం ముందుకి వాలి ఉంటుంది, పక్కలు లోపలికి వాలి ఉంటాయి. అంటే పైకి పోయేకొద్దీ అన్నీ దగ్గరపడతాయి. మధ్యలో అయిదు మిల్లీమీటర్లు ఎగరగొట్టేసరికి పైముక్క పొట్టిదైపోతుంది, కిందిముక్క పొడుగ్గానే ఉంటుంది. ఇక టాపుని అడ్డంగా, నిలువుగా నాలుగు ముక్కలు చేసి, ఎడం జరిపి, సందుల్లో ప్లాస్టిక్ పట్టీలు అతికించి, లప్పం పెట్టి, నీళ్ళు తడిపిన కాగితంతో రుద్దాలి. రుద్దాక వేలితో తడమాలి. కంటికి కనపడని గతుకు వేలికి తెలుస్తుంది.

నేను నాలుగు ముక్కలు అరుగు మీద పరుచుకుని కూర్చున్నప్పుడు ఎదురింటి అప్ప జీడిఫ్యాక్టరీ నుంచి వస్తూ ఆగింది. గింజ విరగకుండా పప్పు తియ్యడం ఆవిడ వృత్తి. గుండుకున్న ధర బద్దకి ఉండదు.

"ఏటి తమ్ముడూ, గుండుని బద్ద సేసి మల్లీ గుండు సేత్తన్నావా?"

ఈ పనికి ఇంతకన్నా కచ్చితమైన వర్ణన నేను ఏ కిట్టు డబ్బా మీదా చూడలేదు.

టింకరింగు మేస్త్రీ మాత్రం పనితనం మెచ్చుకున్నాడు. లప్పం మీద గోరుతో గీసి చూసి, "బాగానే కుదిరింది బాబూ. అయితే నా కాడికొచ్చినోల్లందరూ టాపు లేపమంటారు గానీ దించమన్నోడు లేడు," అన్నాడు.

టాపు దిగాక అద్దాలు పట్టవు, వాటిని పారదర్శక రేకుతో కొత్తగా కత్తిరించాలి. సీటు వీపు కోయాలి, స్టీరింగు దించాలి. ఇవన్నీ చేసి నల్లరంగు వేసి కిటికీలో పెడితే మా మేనల్లుడు వచ్చి, ఒంటికన్ను మూసి, అద్దం సందులోంచి లోపలికి చాలాసేపు చూశాడు.

"మావయ్యా, డ్రైవరేడీ?"

"కిట్టులో డ్రైవరు రాడురా."

"వచ్చే ఉంటాడు. టాపు సూసి దిగిపోయాడు."