జులై ఒకటిన పుట్టినవాళ్లు

మా కాప్రా చెరువు దగ్గర పొద్దున నడిచేవాళ్లలో సగంమంది షుగరు తగ్గడానికి నడుస్తారు, మిగతా సగం దేశం బాగుపడటానికి. మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తు అంకుల్ రెండు పనులూ ఒకే రౌండులో కానిచ్చేస్తారు. ఆయన నోట రోజుకోసారైనా వచ్చే మాట ఒకటుంది: "కాయితాలు సక్కగ ఉన్నోనికి భయమెందుకయ్యా?"

ఆ మాట వినగానే పక్కన నడిచే నలుగురూ తలూపుతారు. తలూపని వాడి మీద అనుమానం మొదలవుతుంది కాబట్టి నేనూ ఊపేవాణ్ణి. మొన్న మా ఇంట్లో బాత్రూం టైల్స్ మార్పించేదాకా.

టైల్స్ వేయడానికి వచ్చిన కుర్రాడిది పశ్చిమ బెంగాల్‌లోని మాల్దా. లిఫ్టు దగ్గర అంకుల్ పట్టుకున్నారు. కిధర్ సే ఆయా, కౌన్సా గావ్, ఆధార్ దిఖా. పాపం వాడు సిమెంటు చేతులు ప్యాంటుకు తుడుచుకుని తీసి చూపించాడు. అంకుల్ కళ్లజోడు పైకెత్తి చూసి నావైపు తిరిగారు: "ఆధార్‌దేముందయ్యా, ఎవడైనా చేయించుకుంటడు. అది పౌరసత్వమా?"

న్యాయం చెప్పాలంటే ఆ మాట అక్షరాలా నిజం. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని 2016 నాటి ఆధార్ చట్టమే, తొమ్మిదో సెక్షన్లో రాసుకుంది. ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉన్నవాడెవడికైనా అది ఇస్తారు. చట్టం చదవకుండా చట్టం మాట్లాడటం మన కాలనీల్లో మామూలే కానీ, తప్పు లేకుండా మాట్లాడటం అరుదు. ఆ ఉత్సాహంతోనే అడిగాను. "అయితే మీ కాయితాలేవి అంకుల్?"

సాయంత్రం పిలిచి జిప్పు బ్యాగు తీశారు. రెక్సిన్‌ది, ఎప్పుడో పాలసీ కట్టినప్పుడు ఏజెంటు ఇచ్చినది. జిప్పు లాగగానే మొదట పైకొచ్చింది ఆయన ఆధార్.

ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

తర్వాత ఓటరు కార్డు. తర్వాత పాన్. ఒకదాంట్లో ఇంటిపేరు ముందుంది, ఇంకోదాంట్లో వెనకుంది, మూడోదాంట్లో ఒక్క పొడి అక్షరమై చుక్క పక్కన నిలబడింది. కార్డుల లెక్కన అంకుల్ ముగ్గురు. ఆధార్, పాన్, ఓటరు కార్డు ఉన్నంత మాత్రాన మనిషి పౌరుడైపోడని 2025 ఆగస్టులో బాంబే హైకోర్టు కూడా చెప్పిందని గుర్తుచేశాను. "అది బంగ్లాదేశోని కేసు" అన్నారాయన. నిజమే. కానీ కోర్టు మాట్లాడింది కార్డు గురించి, వాడి ముక్కు ఆకారం గురించి కాదు.

అన్నిటికంటే అడుగున, అయిదు మడతలు పడి, పదో తరగతి మెమో. పుట్టిన తేదీ 1-7-1958.

"మీరు పుట్టింది వానాకాలమా?"

"యాడిది! బతుకమ్మ పండుగకు ముందుగాల అని మా అమ్మ చెప్పేది."

నల్లగొండ జిల్లాలో ఆయన ఊరి బడిలో అడ్మిషన్ పద్ధతి ఇదీ: చెయ్యి తల మీదుగా తిప్పితే అవతలి చెవి అందాలి. అందితే అయిదేళ్లు నిండినట్టు. తేదీ సంగతి హెడ్మాస్టరు చూసుకునేవాడు. ఆయనకు ఒకే తేదీ వచ్చు. అలా ఆ బ్యాచ్‌లో సగంమందిని ఒకే రోజు, ఒకే కలంతో ఆయన కన్నాడు. మంత్రసానికి కూడా అంత చేతివాటం ఉండదు. జనన మరణాలు తప్పనిసరిగా నమోదు చేయాలన్న దేశవ్యాప్త చట్టం వచ్చిందే 1969లో. అంకుల్‌కు అప్పటికి పదకొండేళ్లు, హెడ్మాస్టరు లెక్కన.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూడండి. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 దాకా ఈ గడ్డమీద పుట్టినవాడు, రాయబారుల పిల్లల్లాంటి ఒకటి రెండు మినహాయింపులు పోను, పుట్టినందుకే పౌరుడు. అమ్మానాన్నలెవరని అడగరు. 1987 జులై 1 నుంచి పుట్టినవాడికి తల్లిదండ్రుల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి అదీ చాలదు, రెండోవారు అక్రమంగా వచ్చినవారు కాకూడదు. అస్సాం గొడవల వేడిలో 1986లో ఒకసారి, ఆ తర్వాత 2003లో మరోసారి చట్టం సవరించి ఈ గీతలు గీశారు.

గీత ఎక్కడ పడిందో గమనించారా? జులై ఒకటి. మన హెడ్మాస్టర్ల ఆస్థాన తిథి.

అంకుల్ మేనల్లుడొకడున్నాడు, నాచారం పారిశ్రామికవాడలో సూపర్‌వైజరు. వాళ్లమ్మ లెక్కన కాముని పున్నానికి నాలుగు రోజుల ముందు, అంటే 1987 మార్చిలో పుట్టాడు. మెమోలో 1-7-1987. తల్లి కన్న రోజు ప్రకారం వాడు పుట్టుకతోనే పౌరుడు. హెడ్మాస్టరు కన్న రోజు ప్రకారం వాడి అమ్మో నాన్నో పౌరులని ముందు రుజువు కావాలి. పార్లమెంటు గీసిన గీతను ఒక బడిపంతులు సిరాబుడ్డితో దాటించేశాడు. ఒక్క రోజు ముందు తేదీ రాసినా పోయేది. ఇది నవ్వులాట అనుకునేవాళ్లు 2025 జూన్‌లో ఎన్నికల సంఘం బిహార్‌లో మొదలుపెట్టిన ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ చూడాలి. 1-7-1987కు ముందు పుట్టినవారికి ఒక లెక్క, ఆ తేదీ నుంచి పుట్టినవారికి ఇంకో లెక్క. ఆధార్‌ను కూడా తీసుకోండని సుప్రీంకోర్టు సెప్టెంబరులో చెప్పాల్సి వచ్చింది. గుర్తింపుకే సుమా, పౌరసత్వానికి కాదని ఆ మాటతోపాటే అంది.

ఈ భాగం వినేటప్పుడు అంకుల్ ఫోన్ చూసుకుంటున్నారు. ఫోన్‌లో మనవడున్నాడు.

మనవడి కథ వేరు. 2025 జనవరి 20న ట్రంప్ గద్దెనెక్కిన రోజే ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేకపోతే, నెల తర్వాత నుంచి అక్కడ పుట్టే బిడ్డకు పౌరసత్వం లేదని. అంకుల్ కొడుకు డాలస్ పక్కన ఫ్రిస్కోలో హెచ్-1బి మీద ఉన్నాడు. కోడలికి మార్చి మొదటివారం డేటిచ్చారు. సిజేరియన్‌కు సిద్ధాంతి చేత ముహూర్తం పెట్టించడం మనవాళ్లకు కొత్త కాదు. నక్షత్రం చూసి, వర్జ్యం తప్పించి మరీ కోయిస్తాం. ఈసారి మాత్రం ముహూర్తం వైట్‌హౌస్ పెట్టింది. రెండు రాత్రులు మూడో అంతస్తులో లైటు ఆరలేదు. మూడో రోజు సియాటిల్‌లో ఒక జడ్జి ఇది రాజ్యాంగానికి బొత్తిగా విరుద్ధమని ఉత్తర్వును ఆపాక, అంకుల్ మెట్లన్నీ దిగొచ్చి నాకు క్లాసు పీకారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అనే చైనా వాళ్ల అబ్బాయి గురించి, 1898లో అమెరికా సుప్రీంకోర్టు వాణ్ణి పుట్టుకతోనే పౌరుడన్న తీర్పు గురించి. చివర ఒక మాటన్నారు, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి: "పుట్టిన గడ్డ మీద హక్కు లేదంటే ఎట్లయ్యా? పసిపోరనికి కాయితాలడుగుతరా?"

అప్పుడు చెప్పడానికి మనసు రాలేదు, ఇప్పుడు చెబుతున్నాను. మన చట్టమే టెక్సాస్‌లో అమల్లో ఉంటే మీ మనవడు పౌరుడు కాడు అంకుల్. ట్రంప్ ఉత్తర్వులో తండ్రికి గ్రీన్‌కార్డు ఉన్నా సరిపోతుంది. మన దగ్గర తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులే అయి తీరాలి, ముప్ఫైఏళ్ల పైబడి ఇదే చట్టం. ట్రంప్ మనకంటే మెత్తన. ఆ రాత్రి మీరు వైట్‌హౌస్‌ను తిట్టిన తిట్లన్నీ ఢిల్లీకి కూడా వర్తిస్తాయి.

ఆ మనవడికి ఇప్పుడు ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు చేయిస్తున్నారు. దాని పేరులో పౌరుడున్నాడు, లోపల లేడు. ఓటుండదు, కీసర అవతల అంకుల్ చూసిపెట్టిన రెండెకరాల వ్యవసాయ భూమి వాడి పేర కొనడానికీ ఉండదు.

కాగితాలు సరిగ్గా ఉంటే భయం లేదన్నమాట పెద్దవాళ్ల విషయంలో కొంత నిజమే, ఒప్పుకోవాలి. సరిగ్గా లేకపోయినా వాళ్లకు భయముండదు. చెన్నమనేని రమేశ్ వేములవాడ నుంచి నాలుగుసార్లు ఎమ్మెల్యేగా గెలిచారు. ఆయన భారత పౌరుడు కాదని కేంద్ర హోంశాఖ 2017లో ఒకసారి, 2019లో మరోసారి అంది. హైకోర్టు 2024 డిసెంబరు 9న ఆయన జర్మన్ పౌరుడేనని తేల్చి 30 లక్షల ఖర్చులు వేసింది. ఈలోగా ఆయన అసెంబ్లీలో కూర్చుని మనందరికీ చట్టాలు చేసిపెట్టారు. ఇక 2020 ఫిబ్రవరిలో ఇదే హైదరాబాద్‌లో 127 మందికి ఆధార్ కార్యాలయం నుంచి నోటీసులు వెళ్లాయి. వాళ్లలో ఒకాయన ఆటో నడుపుకునేవాడు. అసలు పత్రాలన్నీ పట్టుకుని బాలాపూర్‌లో ఒక ఫంక్షన్ హాలుకు వచ్చి పౌరసత్వం రుజువు చేసుకోమన్నారు. గొడవయ్యాక, ఆధార్‌కూ పౌరసత్వానికీ సంబంధం లేదని ఆ సంస్థే వివరణ ఇచ్చి విచారణ వాయిదా వేసింది. ఎమ్మెల్యేకు పదిహేనేళ్లు, ఆటోవాడికి కొద్ది రోజులే.

అసలు కాప్రాలో కూర్చుని ఎవడు ఎక్కడివాడని అడగడమే ఒక వేళాకోళం. 1967లో ఈసీఐఎల్ వచ్చింది, తర్వాత అణు ఇంధన సముదాయం వచ్చింది, సైనిక్‌పురికి రిటైరైన ఫౌజీలు వచ్చారు, వాళ్లతోపాటే సగం భారతదేశం వచ్చింది. నిజాం కాలపు ముల్కీ నిబంధనల్లో బయటినుంచి వచ్చినవాడు పదిహేనేళ్లుండి, తిరిగి పోయే ఆలోచన మానుకున్నానని అఫిడవిట్ ఇస్తే ఈ నేల వాడయ్యేవాడు. 1952లో బోగస్ ముల్కీ సర్టిఫికెట్ల మీద జరిగిన గొడవలో కాల్పులదాకా పోయింది. అంటే కాగితం అడగడం ఎంత పాతదో, కాగితం పుట్టించడమూ అంత పాతదే.

టైల్స్ పని నిన్నటితో అయిపోయింది. డబ్బు తీసుకుంటూ ఆ మాల్దా కుర్రాడు ప్లాస్టిక్ కవరు విప్పితే చూశాను: పంచాయతీ ఇచ్చిన జన్మ ధ్రువపత్రం, లామినేషన్ చేయించి, మూలలు అరగకుండా. ఏ ఊరెళ్లినా అడుగుతున్నారని వెంట పెట్టుకుంటాడట. మా అపార్ట్‌మెంటులో నలభై దాటిన వాళ్లలో అలాంటిది నాకైతే ఎవరిదగ్గరా కనిపించలేదు, నాతో సహా.

మీ అమ్మ బతికుంటే ఇవాళే ఒకసారి ఫోన్ చేసి, మీరు ఏ పండుగ ముందు పుట్టారో అడగండి. తర్వాత పదో తరగతి మెమో తీసి పక్కన పెట్టుకోండి. తేదీ జులై ఒకటి గనక ఉంటే, రేపు చెరువు దగ్గర ఎవరినీ కాగితాలు అడక్కండి.