డిఫాల్టట, డిఫాల్టు!

మా రోజుల్లో లెక్క చేస్తే వేళ్లు నొప్పిపుట్టేవి. దౌల్తాబాద్ ఇంకా పాలమూరు జిల్లాలో ఉన్నప్పుడు క్లార్క్ లాగరిథమ్ పట్టికలు చంకన పెట్టుకుని తిరిగినవాళ్లం. నాలుగో దశాంశం తప్పితే సారు నోటుబుక్కు కిటికీలోంచి విసిరేవాడు.

ఇప్పుడు మా చెల్లె మనవడు హైదరాబాద్‌లో మెదడు మీద పీహెచ్‌డీ చేస్తున్నాడు. కత్తి లేదు, సూది లేదు, ఎలుక అసలే లేదు. ఒళ్లో లాప్‌టాప్, చెవుల్లో ఏవో బిళ్లలు. కంప్యుటేషనల్ న్యూరోసైన్స్ అంటాడు. నరకణం నడిచే తీరును సమీకరణాలుగా రాసి కంప్యూటర్‌లో ఆడించి చూడటమట.

దసరాకు వచ్చినప్పుడు చూపించాడు. తెరమీద గీత అడ్డంగా పాకి పాకి, ఒక్కసారి నిట్టనిలువుగా లేచి, దబ్బున పడి, కాస్త కిందికి జారి మళ్లీ సర్దుకుంది. సోడియం లోపలికి దూకితే లేస్తుంది, పొటాషియం బయటికి పోతే పడుతుంది. అంతా మిల్లీసెకన్ల పని. బాగానే ఉంది గాని, ఓ మూలన ఉష్ణోగ్రత 6.3 డిగ్రీలని ఉంది.

"అంత చలిలో ఎవరి మెదడురా అది?"

"అది డిఫాల్ట్, తాతా. మనం మార్చకపోతే అదే ఉంటుంది."

ఇదీ వీళ్ల చదువు! గట్టిగా నిలదీస్తే అప్పుడు వెతికాడు. అది మనిషిది కాదు, స్క్విడ్ అనే సముద్రజీవి నరానిది. ఇంగ్లండులో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ ఆ నరం మీద కొలతలు తీసి, 1952లో సమీకరణాలు అచ్చేశారు. కేంబ్రిడ్జి కంప్యూటర్ అప్పుడు పనిలో లేకపోతే, హక్స్‌లీ పిడి తిప్పే లెక్కల మిషను ముందేసుకుని వారాల తరబడి తిప్పాడు. 1963లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆ పిడి తిప్పినాయన్ని 6.3 ఎక్కడిదని అడిగితే డిఫాల్ట్ అనేవాడా?

ఇష్టం లేకున్నా ఒకటి ఒప్పుకోవాలి. వాడు వెతికింది ఆ గీత గీసిన ప్రోగ్రాము లోపలే. దాని పేరు న్యూరాన్. సోర్స్ కోడ్ ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. స్క్విడ్ సంగతీ, 6.3 సంగతీ రాసినవాళ్లే అందులో గుర్తు పెట్టి ఉంచారు. మా కాలంలోనో? మైక్రోస్కోపు బీరువా తాళంచెవి లెక్చరర్ మొలతాడుకుండేది. గైడు కొన్నవాడు తలగడ కింద దాచుకునేవాడు.

మైకేల్ హైన్స్ అనే ఆయన అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో జాన్ మూర్ దగ్గర న్యూరాన్ పని మొదలుపెట్టి, యేల్ యూనివర్సిటీకి పోయి దశాబ్దాల పాటు దాన్నే సాకాడు. మన ఉపిందర్ భల్లా అమెరికాలో జెనెసిస్ అనే అట్లాంటి ప్రోగ్రామే కట్టడంలో చెయ్యేసి, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ పరిశోధన కేంద్రానికి వచ్చాక మూస్ అనే ఇంకోటి కట్టాడు. ఇంకో పక్క హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు 2019లో వందమంది మనవాళ్ల స్కాన్లతో మెదడు అట్లాస్ తయారుచేశారు. అప్పటిదాకా మన తలల్ని ఎక్కువగా తెల్లవాళ్ల అచ్చులో పెట్టే కొలిచేవారు. మన మెదడు సగటున కాస్త చిన్నదని తేలింది. చిన్నదంటే తెలివి తక్కువని కాదని మా బావకు చెప్పి చెప్పి నా నోరు పోయింది.

మావాడూ అర్ధరాత్రి దాకా కూర్చుని న్యూరాన్ లాంటి ప్రోగ్రాముల్లో తప్పులు దిద్ది పంపుతాడు. జీతం లేదు, భత్యం లేదు. ఎక్కడివాడో ఓ థాంక్స్ పంపుతాడు. ఉద్యోగానికి ఒకచోటికి పోతే "పేపర్లెన్ని?" అన్నారట. ఆ ప్రోగ్రాము వాడుకుని పేపరు రాసినవాడు లెక్కలోకొస్తాడు, దాన్ని దిద్దినవాడు రాడు. మా రోజుల్లో బావి తవ్వించినోడి పేరు బండ మీద చెక్కేవాళ్లు, నీళ్లు తోడుకున్నోడిది కాదు.

మొన్న తాండూరు నుంచి సంబంధం వచ్చింది. పిల్ల తండ్రికి కందుల వ్యాపారం.

"పిల్లగాడు ఏం చేస్తడు?"

"ప్రోగ్రాములు రాస్తడు."

"ఎంతకమ్ముతడు?"

"అమ్మడు. ఊరికే ఇస్తడు."

ఆయన మా చెల్లె దిక్కు తిరిగి, "చిన్నోడున్నడంట గదా, ఆయన ఏం చేస్తడు?" అన్నాడు.