జూన్‌లో చలువ కళ్ళద్దాలు

నన్ను ఇంతవరకూ ఎవరూ తెలివితక్కువదానివని అనలేదు. నా కొంప ముంచింది అదే. ఏళ్ళ తరబడి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ప్లాన్లు గీసినదాన్ని. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక ప్లేస్కూల్‌లో టీచరుగా చేరి, ఏడాది కార్యక్రమం రాసే పని ఒప్పుకున్నప్పుడు, మూడు నాలుగేళ్ళ పిల్లల ఆటపాటలకు ఆదివారం ఒక్కటి చాలదా అనుకున్నాను. చాలింది. ఇంటర్నెట్‌లో ఇంగ్లండు నర్సరీల పట్టిక దొరికింది. జూన్ వేసవి, అక్టోబర్ ఆకురాలు కాలం, డిసెంబర్ మంచు. రంగుల్లో ప్రింటు తీసి, లామినేషన్ చేయించి గోడకు తగిలించాను.

బెంగళూరులో బడులు తెరిచేది జూన్‌లో, అంటే నైరుతి రుతుపవనాలతో పాటే. పిల్లలు రెయిన్‌కోట్లలో దిగారు. వాళ్ళకు అట్టతో కత్తిరించిన చలువ కళ్ళద్దాలు పెట్టి, ఇసుక ట్రేలో బీచ్ ఆట ఆడించాను. గేటు దగ్గర నీటిగుంటలోకి దూకబోతున్న ఒకణ్ణి రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చి, "ఇప్పుడు వేసవి కదా నాన్నా" అన్నాను. వాడు కిటికీలోంచి వానను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఏమీ అనలేదు. టీచరు మాట కదా, పాపం.

అక్టోబర్‌లో నారింజరంగు కాగితపు ఆకులు కత్తిరించాం. ఈ ఊళ్ళో బాగా వానలు పడే నెలల్లో అదొకటి. ఇక్కడ రావి, కానుగ చెట్లు ఆకు రాల్చేది సంక్రాంతి దాటాక. చిన్నప్పుడు ఆరు ఋతువులూ వల్లెవేసి, శిశిరంలో ఆకులు రాలునని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. లామినేషన్ ముందు అదంతా ఎందుకు గుర్తొస్తుంది?

డిసెంబర్ నాటికి నా తెలివి పూర్తిగా వికసించింది. దూది తెప్పించి క్లాసంతా మంచు పరిచాను. మా ఆయమ్మది కోలారు జిల్లా శ్రీనివాసపురం వైపు, ఇంట్లో తెలుగే. గుమ్మంలో నిలబడి, "ఏం మేడం, పరుపు కుట్టిస్తా ఉండారా?" అంది. నవ్వలేదు, నిజంగానే అడిగింది.

ఆ మధ్యాహ్నం ఆమె కాడుగోడిలో కొన్న అనపకాయలు వరండాలో వలుస్తోంది. ఆ రోజుల్లో బెంగళూరు వీధుల్లో ఎక్కడ చూసినా అవే కుప్పలు, వాటి వాసనే. దూది వదిలేసి పిల్లలంతా ఆమె చుట్టూ చేరారు. "ఇది యాక్టివిటీ టైమ్" అని నేను కసిరాను కూడా. మర్నాడు ఆమె నానబెట్టిన గింజలు తెచ్చి, పితకడం చూపించింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కాలి. గట్టిగా నొక్కితే పప్పు చితుకుతుంది, మెల్లగా నొక్కితే తోలు ఊడదు. సరిగ్గా నొక్కితే జర్రున జారి ఎదుటివాడి నుదుటికి తగులుతుంది. ఒక పాప నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, గిన్నె నిండేదాకా కదలలేదు. రేపు పెన్సిల్ పట్టాల్సిన వేళ్ళు అవే. అదే పనికోసం నేను ఖరీదైన ప్లాస్టిక్ పటకార్లు ఆర్డరు పెట్టి ఉన్నాను.

1939లో మన దేశానికి వచ్చిన మరియా మాంటిస్సోరి పద్ధతిలో ఇలాంటి ఇంటిపనులకు పెద్దపీట. 2022 అక్టోబర్‌లో కేంద్రం విడుదల చేసిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం కూడా, మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు ఆటే చదువని, చుట్టుపక్కల దొరికే వస్తువులు వాడుకోమని చెబుతుంది. ఆ పీడీఎఫ్‌ను తల్లిదండ్రుల గ్రూపులో పెట్టింది నేనే. చదవలేదు, అంతే.

ఇక్కడితో బుద్ధి వచ్చిందని రాస్తే అబద్ధమవుతుంది. మరుసటేడు ఇంగ్లండు పట్టిక పీకేసి, ఈ ఊరి పట్టిక వేశాను. జూన్‌లో నీటిగుంటలు, కాగితం పడవలు. వినాయక చవితికి బంకమట్టి. కార్తీకంలో, బసవనగుడిలో కడలెకాయి పరిషె అనే వేరుశనగల జాతర రోజుల్లో, వేరుశనక్కాయలు. ఫిబ్రవరిలో రాలిన ఆకులు ఏరడం. వేసవి సెలవులవల్ల మామిడికాయకు చోటు దొరకలేదని బాధపడ్డాను కూడా. ఆ ఊపులో అందరికంటే చిన్న క్లాసుకు ట్రే నిండా ఎండు గింజలు పోసి, ఫొటోలు తీసుకుంటూ నిలబడ్డాను. ఒకడు గింజను ముక్కులోకి తోసుకున్నాడు. డాక్టరు దాన్ని తీసేలోగా వాళ్ళమ్మ నన్ను చూసిన చూపు ఏ మంచుకూ తీసిపోదు. ఎండు గింజ ముక్కు తడికి ఉబ్బుతుందట. ఆలస్యమైతే తీయడం ఇంకా కష్టమట. ఆయమ్మనడిగి ఉంటే ముందే చెప్పేది. ఆమె పిల్లల పక్కన కూర్చోకుండా గింజలు ఎప్పుడూ ఇవ్వలేదు.

అందుకని ప్లేస్కూళ్ళు నడిపేవాళ్ళకు నా మనవి. జనవరి పేజీ అనపకాయలకు వదలండి. పితకడానికి నానిన గింజలే ఇవ్వండి, ఒక్కో పెద్దవారి దగ్గర నలుగురు పిల్లలకు మించి కూర్చోబెట్టకండి. వేరుశనగలు వలవనివ్వండి గానీ, అయిదేళ్ళలోపు వాళ్ళ నోటికి గింజ అలాగే అందనివ్వకండి. ఇచ్చేటప్పుడూ తీసుకునేటప్పుడూ గింజలు లెక్కపెట్టుకోండి. ఫొటోలు తర్వాత తీసుకోవచ్చు.